మీకు తెలుసా? యేసు చెప్పిన ఉపమానాల్లో మనం గమనించని సంగతులు

తప్పిపోయిన గొర్రె, మంచి సమరయుడు, ఆవగింజ. సండే స్కూల్లో బొమ్మలు చూపిస్తూ టీచరమ్మ చెప్పిన కథలివి. ఇన్నిసార్లు విన్నాక ఇక వాటిలో వినాల్సిందేమీ లేదనిపిస్తుంది. అయితే వాటిని మొదట విన్నవాళ్లలో చాలామంది గలిలయ పల్లెల్లోని రైతులు, జాలరులు, రోజు కూలీలు. దేనారమంటే ఎంతో, యెరికో దారి ఎలా ఉంటుందో, చేలో కలుపు ఎప్పుడు తీయాలో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనకు చెప్పాలి. ఆ కొలతలు, దారులు, కూలి లెక్కలు తెలిస్తే పాత కథే ఎదురుగా నిలబడి మనల్ని నిలదీస్తుంది. ఆదివారం విన్న వాక్యం సోమవారం పనిలోకి దిగేది అప్పుడేనని నా నమ్మకం.

ధనవంతుడికి లాజరు పేరు ముందే తెలుసు

యేసు ఉపమానాల్లో విత్తువాడు ఉన్నాడు, విధవరాలు ఉంది, రాజు, దాసుడు, తండ్రి, కొడుకు ఉన్నారు. ఎవరికీ పేర్లు లేవు. లూకా సువార్త 16వ అధ్యాయంలో మాత్రం, పితరుడైన అబ్రాహామును పక్కన పెడితే, ఒక పాత్రకు పేరుంది. అది రోజూ విందులు చేసుకునే ఆసామి పేరు కాదు. ఆయన వాకిట్లో కురుపులతో పడి ఉన్న బిచ్చగాడి పేరు.

ఇంకొంచెం జాగ్రత్తగా చదవండి. చనిపోయి యాతనలో ఉన్న ధనవంతుడు కళ్లెత్తి చూసి, లాజరును పంపమని అబ్రాహామును అడుగుతాడు. అంటే పేరు తెలుసు! రోజూ గేటు దగ్గర చూశాడు, పేరూ తెలుసు, అయినా బల్ల మీది రొట్టె ముక్క ఆ చేతికి అందలేదు. చచ్చిన తర్వాత కూడా లాజరుతో నేరుగా ఒక్క మాట మాట్లాడడు. వేలు నీళ్లలో ముంచి తెచ్చే పనివాడిగానే చూస్తాడు. మన అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పేరు మనకూ తెలుసు. ఆయన భార్యకు జ్వరం తగ్గిందో లేదో, పిల్లాడి ఫీజు కట్టారో లేదో తెలుసా?

యాజకుడు గుడికి వెళ్లడం లేదు, గుడి నుంచి వస్తున్నాడు

మంచి సమరయుడి కథ జరిగే దారి, యెరూషలేము నుంచి యెరికోకు, దాదాపు 27 కిలోమీటర్లు. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంటే, యెరికో సముద్రమట్టానికి 250 మీటర్లు దిగువన ఉంది. ఒక్క రోజు నడకలో కిలోమీటరు లోతుకు దిగిపోయే దారి అది. రెండు వైపులా బోడి కొండలు, మలుపు మలుపుకీ దొంగలు కాపు కాయడానికి వీలైన చాటు.

గాయపడినవాణ్ని చూసి యాజకుడు పక్కకు ఎందుకు తప్పుకున్నాడు? శవాన్ని ముట్టుకుంటే మైల, దేవాలయ సేవకు పనికిరాకుండా పోతాడు, అందుకని తప్పుకున్నాడని తరచూ వింటుంటాం. ఆయన మీద ఆ మాత్రం జాలి చూపించడం మంచిదే. అయితే లూకా ఒక చిన్న మాట రాశాడు: యాజకుడు ఆ దారిన దిగి వెళ్తున్నాడు. యెరికోలో యాజకుల కుటుంబాలు చాలా ఉండేవి. వంతుల ప్రకారం యెరూషలేముకు వెళ్లి సేవ చేసి తిరిగి వచ్చేవారు. దిగి వస్తున్నాడంటే సేవ ముగించుకుని ఇంటిదారి పట్టినవాడే అయి ఉండాలి. ఆరాధన అయిపోయింది, బలులు అయిపోయాయి. ఇంటికి పోవాలన్న తొందర ఒక్కటే మిగిలింది.

ఈ తొందర మీదే అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాల విద్యార్థులతో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన అది, ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. విద్యార్థుల్లో కొందరిని మంచి సమరయుడి కథ మీద, ఇంకొందరిని వేరే విషయం మీద మాట్లాడమని పక్క భవనానికి పంపారు. దారిలో ఒకతను గుమ్మం దగ్గర ఒరిగిపోయి దగ్గుతూ, మూలుగుతూ కనిపించేలా ఏర్పాటు చేశారు. సమయం చాలా ఉందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక సాయం చేశారు. ఇప్పటికే ఆలస్యమైందని చెప్పి పంపినవాళ్లలో సాయం చేసినవారు 10 శాతమే. మంచి సమరయుడి మీద ప్రసంగానికి వెళ్తున్నారా, వేరే విషయం మీదా అన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. ఈ అంకెలు చదివిన ప్రతిసారీ ఆదివారం ఉదయం గుడికి టైమైపోతోందని ఇంట్లో మనం పడే హడావుడి నాకు గుర్తొస్తుంది. ఆ అరగంటలో అత్తగారి మందులు, పనమ్మాయి చెప్పబోయిన మాట, పక్కింటివాళ్ల పలకరింపు ఎన్ని దాటేస్తామో!

ఈ కథ పేరు మన దేశ చట్టంలోకి కూడా వచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చేవాళ్లను పోలీసులు, ఆసుపత్రులు వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చిలో చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఏ సెక్షన్‌గా ఆ రక్షణ చట్టంలోనే చేరింది. అలా సాయం చేసే మనిషిని చట్టం గుడ్ సమారిటన్ అనే పిలుస్తుంది. మీ పేరు, అడ్రసు చెప్పమని బలవంతం చేయకూడదు. సాక్షిగా రావాల్సిందేనని పట్టుబట్టకూడదు. పోలీసు కేసు నెత్తిన పడుతుందేమోనని జాతీయ రహదారి మీద బండి ఆపకుండా పోయే విశ్వాసులు ఈ సంగతి తెలుసుకోవాలి, సంఘంలో చెప్పాలి కూడా.

సమరయుడు ఆగడంతో సరిపెట్టలేదు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించి సత్రానికి తీసుకెళ్లాడు. రాత్రంతా దగ్గరుండి చూసుకున్నాడు. తెల్లారాక సత్రంవాడి చేతిలో రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి పెట్టి, ఎక్కువైతే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. మన పరామర్శల్లో లోపించేది తరచూ ఈ తిరిగొచ్చేటప్పుడు అన్న భాగమే. మొదటి రోజు ఆసుపత్రి వరండా నిండా మనుషులుంటారు. డిశ్చార్జి అయిన మూడో వారానికి ఎవరూ ఉండరు.

అన్నట్టు, సమరయులు ఇప్పటికీ ఉన్నారు. వెయ్యిమందికి లోపే. గెరిజీము కొండ మీద, టెల్ అవీవ్ దగ్గరి హోలోన్‌లో ఉంటారు. ఇప్పటికీ ఏటా ఆ కొండ మీదే పస్కా గొర్రెపిల్లలను వధిస్తారు.

పదివేల తలాంతులంటే ఎంత?

పెద్ద బాకీ మాఫీ అయిన దాసుడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. మత్తయి 18వ అధ్యాయం. పెద్ద బాకీ, చిన్న బాకీ అని చదివి ముందుకు పోతాం. ఒక్కసారి లెక్క వేద్దాం.

దేనారం ఒక కూలివాడి రోజు కూలి. తలాంతు అంటే ఆరువేల దేనారాలు. ఏడాదికి మూడొందల రోజులు పని దొరికితే ఒక్క తలాంతు సంపాదించడానికి ఇరవై ఏళ్లు. అలాంటివి పదివేలు. ఈనాటి కూలి 700 రూపాయలు అనుకుంటే, తోటి దాసుడి బాకీ 70 వేలు. మాఫీ అయిన బాకీ 4,200 కోట్లు! హేరోదు అంతిపకు గలిలయ, పెరయ ప్రాంతాల నుంచి ఏడాదికి వచ్చే రాబడి 200 తలాంతులని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అంటే ఆ రాజ్యం యాభై ఏళ్ల రాబడి ఒక దాసుడి నెత్తిన ఉంది. అతను ఓపిక పట్టండి, మొత్తం తీరుస్తానంటాడు. వింటున్న గలిలయవాళ్లకు అది తీరే బాకీ కాదని వెంటనే తెలిసిపోయి ఉంటుంది.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపేది రెండో అంకె. 70 వేలు చిన్న మొత్తం కాదు, మూడు నెలల పైచిలుకు కూలి. తోడికోడలు అన్న మాట, తమ్ముడు తిరిగివ్వని డబ్బు, గట్టు జరిపిన పక్క రైతు, ఇవేవీ ఉత్తవి అని యేసు అనడం లేదు. నిజమైన బాకీలే, నిజమైన నొప్పే. వాటి పక్కన 4,200 కోట్లు పెట్టి చూడమంటున్నాడు. క్షమించమని చెప్పేటప్పుడు అవతలివారి బాధను తేలిక చేసి మాట్లాడే బోధ ఈ ఉపమానానికి దూరం.

ఆ పిండి వందమందికి సరిపోతుంది

ఒక స్త్రీ మూడు కొలతల పిండిలో పులిసిన పిండి కలిపింది. మూడు కొలతలంటే దాదాపు 40 లీటర్లు. వందమందికి పైగా తినే రొట్టెలు అవుతాయి. అబ్రాహాము గుడారానికి ముగ్గురు అతిథులు వచ్చినప్పుడు శారా పిసికింది కూడా ఇంతే, ఆదికాండం 18లో ఉంది. దేవుని రాజ్యాన్ని చెప్పడానికి యేసు చూపించింది చేతులకు పిండి అంటుకున్న ఆడమనిషిని. పెళ్లింట్లో వంటపాత్రల దగ్గర నిలబడేవాళ్లకు ఈ ఉపమానం మీద వేదిక ఎక్కి మాట్లాడేవాళ్ల కన్నా హక్కు ఎక్కువ.

గోధుమల్లో గురుగులు, వరిలో ఊద

శత్రువు రాత్రివేళ వచ్చి గోధుమ చేలో గురుగులు చల్లి పోయాడు. ఇది ఊహించి చెప్పిన దుర్మార్గం కాదు. ఇతరుల చేలో ఈ విత్తనాలు చల్లితే నష్టపరిహారం ఎలా ఇప్పించాలో రోమా న్యాయశాస్త్ర సంకలనంలో ఉంది. శాస్త్రవేత్తలు లోలియం టెములెంటమ్ అని పిలిచే ఆ గడ్డి వెన్ను వేసేదాకా అచ్చం గోధుమ మొక్కలాగే ఉంటుంది. దాన్ని పట్టే ఒక బూజు వల్ల గింజలు విషమవుతాయి. పిండిలో కలిస్తే తల తిరుగుతుంది, చూపు మసకబారుతుంది.

వరి పండించే మన రైతులకు ఇదేమీ కొత్త కాదు. ఊద అంతే. నాటిన కొన్నాళ్లకు మడిలో దిగి చూడండి, ఏది వరో ఏది ఊదో ఒక పట్టాన తేలదు. కలుపు తీసే అమ్మ వంగి ఆకు మొదలు చూస్తుంది. ఆకు కాడను అంటిపెట్టుకున్న చోట వరికి పల్చని పొరలాంటి చిన్న నాలుక, సన్నటి నూగు ఉంటాయి. ఊదకు అక్కడ ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. ఆ చోటు చూడటం రానివాళ్లను మడిలోకి దింపితే ఊద నిలబడుతుంది, వరి గట్టుమీదికి వస్తుంది.

అందుకే గురుగులు పీకేస్తామన్న పనివాళ్లను యజమాని ఆపాడు. కలుపు మంచిదని ఆయన అనలేదు, కోత రాదనీ అనలేదు. మీ చేతులతో వద్దన్నాడు, అప్పుడే వద్దన్నాడు. ఫలానా వ్యక్తి నిజమైన విశ్వాసి కాదని తేల్చేసి సంఘాలు రెండుగా చీలిన ఊళ్లు మనకు తెలుసు. ఆ చీలికల్లో కొట్టుకుపోయేది ఎక్కువగా ఇంకా వేరు గట్టిపడని పిల్లలు, కొత్తగా వచ్చినవాళ్లు.

తలాంతు పాతిపెట్టినవాడు నియమం తప్పలేదు

తలాంతుల ఉపమానంలో మూడో దాసుడు యజమాని అప్పగించిన డబ్బు భూమిలో దాచాడు. సోమరి అంటాం. కానీ ఇతరుల సొమ్ము భద్రం చేయడానికి భూమిలో పాతిపెట్టడమే సరైన మార్గమని యూదు గురువులు చెప్పిన మాట తల్మూదులో నమోదైంది. అలా పాతినవాడి మీద తప్పు రాదు. ఆ కాలంలో అందరూ చేసిన పనే. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో 1952లో దొరికిన రాగి చుట్టలో, ధనం పాతిపెట్టిన చోట్లు అరవైకి పైగా చెక్కి ఉన్నాయి.

కాబట్టి అతను దొంగ కాదు, నిర్లక్ష్యం చేయలేదు, ఒక్క పైసా పోగొట్టలేదు. భయపడ్డాడు. యజమాని కఠినుడని మనసులో ఒక బొమ్మ గీసుకుని దాని ప్రకారం బతికాడు. తప్పు చేయకుండా ఉంటే చాలు, దేవుడు ఏమీ అనడు అనుకునే భక్తి మనలో చాలామందిది. సినిమా చూడలేదు, తాగలేదు, ఎవరి జోలికీ పోలేదు. మంచిదే. ఎవరికైనా ఉపయోగపడ్డామా? ఇరవై ఏళ్ల కూలికి సమానమైన సొమ్ము చేతిలో పెట్టిన యజమాని అడిగింది అదే.

పోయిన నాణెం కోసం దీపం ఎందుకు?

కపెర్నహూములో తవ్వకాల్లో బయటపడిన ఇళ్లు నల్లరాతి ఇళ్లు. చిన్న కిటికీలు, రాళ్లు పేర్చిన నేల, రాళ్ల మధ్య సందులు. అలాంటి చోట నాణెం జారితే పట్టపగలైనా దీపం వెలిగించాల్సిందే, మూలమూలా ఊడ్వాల్సిందే. ఉపమానంలోని స్త్రీకి పోయింది ఒక్క రోజు కూలి, ఆమె చేతిలో ఇంకా తొమ్మిది నాణేలు ఉన్నాయి. అయినా దొరికేదాకా వెతికింది.

కోసిన దూడ ఎవరి వాటాలోది?

తండ్రి బతికుండగానే ఆస్తి పంచమని అడిగే కొడుకులు మన ఊళ్లలోనూ ఉన్నారు కాబట్టి తప్పిపోయిన కుమారుడి కథ మనకు ఇట్టే అర్థమవుతుంది. ఒక మెలిక మాత్రం సాధారణంగా తప్పిపోతుంది. ద్వితీయోపదేశకాండం 21 ప్రకారం జ్యేష్ఠుడికి రెండు పాళ్లు. ఇద్దరే కొడుకులైతే చిన్నవాడికి మూడో వంతు. పంపకం అయిపోయింది, చిన్నవాడు తన వాటా అమ్ముకుని తగలేశాడు. ఇంట్లో మిగిలిందంతా రేపు పెద్దవాడిదే, తండ్రి కూడా నావన్నీ నీవేనంటాడు. అలాంటప్పుడు చిన్నవాడు తిరిగొచ్చాక కోసిన కొవ్విన దూడ, వేసిన ప్రశస్త వస్త్రం, పెట్టిన ఉంగరం పెద్దవాడికి రావాల్సిన వాటాలోవే!

ఈ లెక్క తెలిశాక పెద్దకొడుకు మీద నాకు కోపం తగ్గింది. తమ్ముడి రాక వల్ల ఆయనకు నిజంగానే ఖర్చు. సంఘంలో ఇంతే. ఏళ్ల తరబడి చందాలిచ్చి, కుర్చీలు మోసి, గుడి కట్టించినవాళ్లు ఉంటారు. మధ్యలో అన్నీ వదిలేసి వెళ్లినవాడు ఒక ఆదివారం వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. వాడికి పెట్టే భోజనం పాతవాళ్ల కష్టం నుంచే రావాలి. యేసు ఈ కథ చెప్పింది కూడా, పాపులతో కలిసి భోజనం చేస్తున్నాడని సణుగుతున్న భక్తిపరుల ముందే.

నిద్రపోయే రైతు

మార్కు సువార్తలో తప్ప ఇంకెక్కడా లేని చిన్న ఉపమానం ఒకటుంది, 4వ అధ్యాయంలో. విత్తనం చల్లినవాడు రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు, మొలక ఎలా వస్తుందో అతనికే తెలియదు. పిల్లల భక్తి గురించి నిద్ర మానుకుని మథనపడే తల్లులు దీన్ని తరచూ చదువుకోవాలి.

ద్రాక్షతోట కూలి నుంచి పోచంపల్లి వరకు

తెల్లవారుజామున మన పట్టణాల్లో ఏ కూలీల అడ్డా దగ్గరైనా నిలబడి చూడండి. తాపీలు, సుత్తులు, పెయింటు బ్రష్షులు పట్టుకుని మనుషులు. ఒక బండి ఆగగానే పదిమంది మూగుతారు. బలంగా కనిపించేవాళ్లు ముందు ఎక్కుతారు. పదిన్నర దాటాక మిగిలేది వయసు మళ్లినవాళ్లు, చిన్నపిల్లను చంకనేసుకొచ్చిన ఆడవాళ్లు. మత్తయి 20లో సాయంత్రం అయిదింటికి సంత వీధిలో నిలబడి ఉన్నవాళ్లు ఎవరో అక్కడ తెలుస్తుంది. ఎందుకు ఊరికే నిలబడ్డారని అడిగితే, ఎవరూ పిలవలేదన్నారు. సోమరులు కాదు, మిగిలిపోయినవాళ్లు.

ద్రాక్షతోట యజమాని పొద్దున్నుంచి పనిచేసినవాళ్లకు ఇచ్చినట్టే వాళ్లకూ దేనారమే ఇచ్చాడు. ఒక కుటుంబం ఒక రోజు తినడానికి కావలసింది అంతే. సగం దేనారమిస్తే ఆ రాత్రి సగం కడుపే. పైగా చివర వచ్చినవాళ్లకే ముందు ఇప్పించాడు. పొద్దున వచ్చినవాళ్లకు ముందే ఇచ్చి పంపేస్తే గొడవే లేదు. వాళ్లు చూడాలనే అలా చేశాడని నాకనిపిస్తుంది.

ఆంగ్ల రచయిత జాన్ రస్కిన్ 1860లో ఆర్థికవిధానం మీద రాసిన వ్యాసాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. దానికి ఆయన పెట్టిన పేరు అన్‌టు దిస్ లాస్ట్, ఈ ఉపమానంలోని యజమాని మాటల్లోంచి తీసుకున్నది. 1904లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు రైలెక్కుతున్న గాంధీకి మిత్రుడు పోలాక్ ఈ పుస్తకం ఇచ్చాడు. ప్రయాణమంతా చదివిన గాంధీకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. లాయరు పనికీ మంగలి పనికీ విలువ ఒక్కటేనన్న మాట ఆయన పట్టుకున్నాడు. ఆ ఏడాదే డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమం మొదలైంది. అక్కడ రంగు, జాతి తేడా లేకుండా మనిషికి నెలకు మూడు పౌండ్లని నిర్ణయించారు. అందరికీ ఒకే దేనారం! 1908లో ఆ పుస్తక సారాన్ని గుజరాతీలో రాసి సర్వోదయం అని పేరు పెట్టాడు.

గాంధీ పోయాక ఆ సర్వోదయ బాట పట్టినవాళ్ల సమ్మేళనం 1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ దగ్గర శివరాంపల్లిలో జరిగింది. వార్ధా నుంచి నడిచి వచ్చిన వినోబా భావే, సమ్మేళనం ముగిశాక తెలంగాణ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమిలేని దళిత కుటుంబాలు ఆయన్ను కలిసి 80 ఎకరాలు అడిగాయి, 40 తరి, 40 మెట్ట. సర్కారు నుంచి ఇప్పించడం వెంటనే అయ్యే పని కాదు. ఈ ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా సభలో అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది.

ఆ రోజు ఎవరూ మత్తయి సువార్త తెరవలేదు. రామచంద్రారెడ్డి ఇచ్చింది తన మనసు చెప్పినట్టే, ఆ ఘనత ఆయనదే. తర్వాత దేశమంతటా దానంగా వచ్చిన లక్షల ఎకరాల్లో అన్నీ పేదల చేతికి చేరలేదు. కొన్ని రాళ్ల నేలలు, కొన్ని కాగితాల మీదే ఉండిపోయాయి, కొన్ని ఇప్పటికీ కోర్టుల్లో నలుగుతున్నాయి. అయినా గలిలయలో కూలీల గురించి చెప్పిన కథ లండన్, డర్బన్, వార్ధాల మీదుగా తెలంగాణ పల్లెదాకా వచ్చిన దారి ఇది. ఆ ఊరిని ఇప్పుడు భూదాన్ పోచంపల్లి అంటారు, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. పట్టుచీరల కోసం వెళ్లే సంఘం ఆడపడుచులు వెంట మత్తయి 20వ అధ్యాయం కూడా తీసుకెళ్లి, చదవడానికి అక్కడ ఓ పావుగంట ఆగితే బాగుంటుంది.